వాన పట్టిన భోషాణం

మూడేళ్లుగా చినుకు లేని ఊళ్లో, వాన హోరు మధ్యన ఊపిరాడక చావబోయిన మనిషిని నేను. ఈ మాట అంటే మా ఊరివాళ్లు "మారెప్ప మళ్లీ మొదలుపెట్టినాడప్పా" అని పంచెలు దులుపుకుని లేచిపోతారు. వాళ్ల తప్పేమీ లేదు. మా బావిలో కప్ప నన్ను పేరు పెట్టి పిలిచిందని ఒకప్పుడు చెప్పాను. నేను పుట్టిన నాటి వానకు మా మేనమామ బండి ఎద్దులతో సహా కంబదూరు దాకా తేలిపోయిందనీ, ఎద్దులు దారిలోనే ఈత నేర్చుకున్నాయనీ చెప్పాను. అవన్నీ నేను అల్లినవే, ఒప్పుకుంటున్నాను. దీంట్లో మాత్రం అల్లింది ఏమీ లేదు. ఇందులో ఒక్క ముక్క అటూ ఇటూ జరపాలన్నా నాకు ఇప్పటికీ అరచేతులు చెమరుస్తాయి.

అది రెండువేల మూడో సంవత్సరం, ఉగాది దాటిన రెండో వారం. ఊరి బయట వేరుశనగ మిల్లుకు నేను ముప్పై ఏళ్లు కావలివాణ్ణి. కాయలే పండకపోయేసరికి మిల్లు మూతబడింది. యంత్రాలు ఊడబీకి అమ్మేశారు. రేకుల కప్పు, నాలుగు గోడలు, పావురాలు, నేను మిగిలాం. మిల్లు యజమాని రాఘవేంద్ర కూతురు లహరి బెంగళూరులో బొమ్మల చదువు చదివింది. ఆ పిల్ల ఉన్నట్టుండి ఏడుగురు స్నేహితులను వెంటబెట్టుకుని దిగి, మిల్లులో ప్రదర్శన పెడతానంది.

"ఏం ప్రదర్శన పాపా? సర్కస్సా?" అని అడిగాను.

"కాదు తాతా. ఈడ చుట్టుపక్కల ఇండ్లల్లో నూరేండ్ల నాటి కుర్చీలు, ఊయలలు, పెట్టెలు పడి ఉండాయి గదా. ఒక్కొక్క పాత సామాను పక్కన మావోళ్లు చేసిన కొత్తది ఒగటి పెడతాం. పాతది, కొత్తది మాట్లాడుకుంటాయి."

"ఏం మాట్లాడుకుంటాయి?"

"చూసేటోళ్లకు ఏం వినపడితే అది."

"పాపా, ఊరంతా నన్ను అబద్ధాలోడు అంటారు. నువ్వు నాకన్నా రెండాకులు ఎక్కువ చదివినావు," అన్నాను.

నవ్వింది. నేను మా ఊరి బడిలో అయిదో తరగతి దాకా చదివాను కాబట్టి, ఒక్కో సామాను దగ్గర పెట్టిన చీటీని వచ్చినవాళ్లకు చదివి వినిపించే పని నాకే అప్పజెప్పింది. తెల్ల చొక్కా ఒకటి కుట్టించి ఇచ్చింది కూడా.

చెప్పకూడదు గానీ, చూడ్డానికి బాగానే ఉండింది. విడపనకల్లు నుంచి తెచ్చిన కరణం రాతబల్ల పక్కన, కాళ్లు లేని గాజుబల్ల ఒకటి తీగలతో వేలాడగట్టారు. దాని మీద ఏమైనా పెడితే ఊగి కింద పడేస్తుంది. నల్లమాడ వైపు నుంచి వచ్చిన పడక కుర్చీకి ఎదురుగా, నందిని అనే అమ్మాయి రంగురంగుల ప్లాస్టిక్ బిందెలు కోసి, అతికించి ఒక సోఫా చేసింది. ట్యాంకరు కోసం గంటలు గంటలు నిలబడే మా ఆడవాళ్లు ఆ సోఫా చుట్టూ తిరిగి, "ఇన్ని బిందెలు పాడు చేసినావేమ్మా! ఒగ మాట చెప్పి ఉంటే పాత గోనెలు తెచ్చి ఇచ్చేటోళ్లం గదా," అని ఆ పిల్లను పట్టుకుని అరిచారు. ఆ పిల్ల ఆ మాటల్ని ఒక పుస్తకంలో రాసుకుంది.

అన్నిటికన్నా పెద్దది రాఘవేంద్ర ఇంటి భోషాణం. భోషాణం అంటే ఇప్పటి పిల్లలకు తెలియదు. ఆరడుగుల పొడవు, నా రొమ్ము ఎత్తు టేకు పెట్టె. కొర్రలు, సజ్జలు, ఇత్తడి సామాను, పట్టుచీరలు అన్నీ అందులోనే. దొంగల భయానికి ఒక మనిషి దాని మూత మీదే పరుపు వేసుకుని పడుకునేవాడు. ఆ మూత పడిందంటే లోపలి కొక్కెం తనంతట తానే పట్టుకుంటుంది. బయట మామిడి పిందెంత ఇత్తడి మొగ్గ ఉంటుంది. దాన్ని గట్టిగా నొక్కి ఎత్తితేనే వదులుతుంది. లోపలి నుంచి వదిలించే ఉపాయం దాన్ని చేసిన వడ్రంగి ఆచారి పెట్టలేదు. ధాన్యానికి బయటికి వచ్చే పని ఉండదు కదా.

ఆ భోషాణానికి జతగా ప్రణీత్ అనే హైదరాబాదు కుర్రాడు వాన పెట్టాడు. కన్నడ దేశంలో ఆగుంబె అనే ఊళ్లో వారం రోజులు తాటాకు చూరు కింద కూర్చుని పట్టుకొచ్చిన వాన చప్పుడు. టేపు రికార్డరు, పెద్ద స్పీకరు భోషాణం అడుగున ఒక మూలకు దించాడు. వెనక ఉన్న ఎలుక బొక్కలోంచి కరెంటు తీగ దూర్చి, మిగిలిన సందులో గుడ్డ కుక్కి బంక పూశాడు. మూత అంచుల చుట్టూ మెత్తటి స్పాంజి అంటించాడు. మూత వేస్తే చప్పుడు బయటికి రాదు. చెక్కకు చెవి ఆనించిన మనిషికి మాత్రం, అబ్బా, లోపల ఒక ఊరి మీద వాన కురుస్తూ ఉంటుంది.

"తాతా, మూత ఎవ్వరినీ తియ్యనియ్యకు," అన్నాడు ప్రణీత్. "లోపల టేపు రికార్డరు కనబడిందంటే అయిపోయింది, నా పని మొత్తం పాడైపోతుంది."

క్యాసెట్టు ఒక్కో వైపు ముప్పావు గంట. అయిపోగానే మూత ఎత్తి, ఊతకర్ర పెట్టి, స్టూలు ఎక్కి, లోపలికి వంగి క్యాసెట్టు తిప్పడం నా పని. ఆ సమయానికి ఏదో ఒక వంకతో అందరినీ బయటికి పంపేవాణ్ణి.

మొదటి రోజే నల్లమ్మ వచ్చి చెవి ఆనించింది. నల్లమ్మ మేకలు కాసుకునే మనిషి. ఆమె వస్తే వెనక కనీసం ఒక మేకైనా వస్తుంది. చాలాసేపు అట్లాగే ఉండిపోయి, తల ఎత్తినప్పుడు కళ్లలో నీళ్లున్నాయి.

"ఏమి వానన్నా ఇది? యాడిది?" అంది.

టేపు అని చెబితే ఏం బాగుంటుంది?

"నీకు తెలీదా? డెబ్బై ఏడులో మోడం ఒగటి, ఇంత లావు నల్లమబ్బు, మన మిల్లు రేకుల మీదికి దిగింది. శెనక్కాయల వాసనకు వచ్చింది పాపం. మిల్లు పెద్దాయన, నేను దాని తోక పట్టి లాగి ఈ పెట్టెలో ఏసి మూసినాం. అప్పట్నుంచి లోపల్నే కురస్తాండాది. మూత ఎత్తినావంటే పారిపోతాది. ఈ సీమకు మిగిలిన మోడం ఇదొగటే."

నల్లమ్మ నా వీపు మీద ఒక్క దెబ్బ వేసి నవ్వింది. అక్కడితో అయిపోయిందనుకున్నాను. మరుసటి రోజు పొద్దున్నే పసుపు, కుంకుమ, వేపమండలు పట్టుకుని పదిమంది ఆడవాళ్లతో వచ్చింది. నవ్వుతూనే వచ్చారు, నవ్వుతూనే భోషాణానికి బొట్లు పెట్టారు, మూతకున్న ఇత్తడి కడియానికి వేపమండలు కట్టారు. దండం పెట్టేటప్పుడు మాత్రం ఒక్కరూ నవ్వలేదు. నేను అప్పుడే నిజం చెప్పి ఉండాల్సింది. లహరి సంతోషంగా ఫొటోలు తీసుకుంటూ ఉంటే నోరు రాలేదు.

అయిదో రోజు బెంగళూరు నుంచి పెద్ద అతిథులు వస్తున్నారని లహరీ ఆమె స్నేహితులూ అందరూ జీపుల్లో కంబదూరు దాకా ఎదురు వెళ్లారు. వాళ్లు వచ్చేసరికి వాన కురుస్తూ ఉండాలని ప్రణీత్ నాకు మూడు సార్లు చెప్పి వెళ్లాడు. నడి మధ్యాహ్నం. రేకులు కాలిపోతున్నాయి. జనమంతా బయట పందిరి కింద మజ్జిగ తాగుతున్నారు. చెవి ఆనించి చూస్తే భోషాణంలో చప్పుడు లేదు.

మూత ఎత్తి కర్ర పెట్టాను. వంగి క్యాసెట్టు తిప్పి మీట నొక్కాను. నడవలేదు. మీట సగంలో ఇరుక్కుంది. గట్టిగా గుద్దుదామంటే చెయ్యి అందదు. ధాన్యం పోసిన పెట్టెలోకి చెప్పులతో దిగకూడదు కదా, చెప్పులు కింద విడిచి, స్టూలు మీది నుంచి లోపలికి దిగాను. ఒక మూల కూర్చుని మీట మీద పిడికిలితో రెండు పోట్లు వేశాను. మూడో పోటుకు మీట లోపలికి దిగిపోయి, వాన మొదలైంది. నా మీద నాకే ముచ్చట వేసింది.

అప్పుడు మూత వైపు ఏదో నమిలే చప్పుడు వినబడి తల ఎత్తాను. నల్లమ్మ మేక. ముందు కాళ్లు భోషాణం అంచు మీద పెట్టి నిలబడి, మూతకు కట్టిన వేపమండలను పీకుతోంది. "థూ! పో!" అన్నాను. అది బెదిరి, నోట్లో ఉన్న మండను వదలకుండా వెనక్కి గుంజింది. కర్ర జారింది. వెలుగు పోయింది. కొక్కెం టక్కుమని పట్టుకోవడం నా పళ్లలో తెలిసింది.

మొదట నవ్వొచ్చింది. నిజంగానే. ఈ కథ ఎట్లా చెప్పాలా అని కూడా ఆలోచించాను. తరువాత రెండు చేతులూ పైకి పెట్టి తోశాను. వీపు ఆనించి తోశాను. మోకాళ్ల మీద లేచి, మెడ వంచి, మొత్తం బలంతో తోశాను. మూత వెంట్రుకంత కూడా కదల్లేదు. అప్పుడు నవ్వు పోయింది.

"ఎవురన్నా ఉండారా? మూత తీయండప్పా!" అని అరిచాను. నా మాట నాకే వినబడలేదు. స్పీకరు నా మోకాలికి ఆనుకుని ఉంది. బయట చెవి ఆనించేవాళ్లకు అది వాన. లోపల ఉన్నవాడికి అది చెరువు కట్ట తెగి మీద పడడం. ఆ హోరు చెవుల్లోంచి పోయి పొట్టలో తిరుగుతోంది. ఆగుంబెలో ఆకుల మీద పడ్డ ప్రతి చినుకూ నా పుర్రె మీద పడుతోంది. ఒళ్లంతా మాత్రం పొడిగా, పెనంలా కాలుతోంది.

పిడికిళ్లతో చెక్క మీద బాదాను. ఆగి విన్నాను. మళ్లీ బాదాను.

బయట ఏం జరిగిందో నాకు తర్వాత తెలిసింది. మజ్జిగ తాగి వచ్చిన ఆడవాళ్లు చెవులు ఆనించారు. నేను బాదింది వాళ్లకు ఎట్లా వినబడి ఉంటుందో మీరే ఊహించుకోండి. "ఉరుములే! ఉరుములు ఉరుముతాండాయే!" అని నల్లమ్మ కేక పెట్టిందట. ఎంత గట్టిగా బాదితే అంత సంతోషపడ్డారట. మూడేళ్ల తర్వాత విన్న ఉరుములు మరి.

నాకు అదేమీ తెలియదు. నా తల దగ్గర బయటి నుంచి ధడేలుమని ఒక దెబ్బ పడింది. ఎవరో మూత పగలగొడుతున్నారని ప్రాణం లేచొచ్చింది. ఇంకో దెబ్బ. ఆ తర్వాత ఏమీ లేదు. కొంతసేపటికి వాసన వచ్చింది. కర్పూరం. వాళ్లు కొట్టింది టెంకాయ, మూత మీద వెలిగిస్తున్నది హారతి అని అర్థమైంది. ఆ టేకు నూరేళ్ల నుంచి ఎండుతోంది. చుట్టూ వేపమండలు కూడా ఎండినవే. ఒక్క కర్పూరం బిళ్ల పళ్లెంలోంచి జారితే చాలు. నా బాదుడు వాళ్లకు ఉరుముల్లా వినబడుతోందని అప్పుడు తట్టింది. నిప్పంటుకున్నా నేను బాదుతాను, అవీ ఉరుములే అనుకుంటారు.

బాదడం ఆపేశాను. బాదితే ఇంకా ఎక్కువ కర్పూరం వెలిగిస్తారేమోనని భయం.

చీకట్లో కూర్చుంటే ఒక లెక్క తట్టింది. ముప్పావు గంటకొకసారి ఈ మూత తీసేది ఎవరు? నేను. మూత తియ్యొద్దని ఊరందరికీ చెప్పింది ఎవరు? నేనే. నేను లోపల ఉంటే తీసేవాడు ఇక ఎవడూ లేడు. లహరి వాళ్లు వచ్చి తీస్తారు, నిజమే. కానీ అతిథులు ఎప్పుడు వస్తారో? పెద్దవాళ్లు చెప్పిన వేళకు ఎప్పుడు వచ్చారు గనక? గాలి అప్పటికే గోనెసంచిలో మొహం పెట్టినట్టు ఉంది. పీలిస్తే వేడి తప్ప ఏమీ లోపలికి పోవడం లేదు. ఆ పెట్టెలో గాలి ఒక మనిషికి అయిదారు గంటలు సరిపోతుందని మా బడిలో పనిచేసి రిటైరైన రామాంజులు సారు తర్వాత కాగితం మీద లెక్క వేసి చూపించాడు. ఆయన లెక్క తప్పయి ఉండదు. లోపల ఉన్నది మాత్రం ఆయన కాదు.

ముందు ఈ వాన ఆగాలి, క్యాసెట్టు అయిపోయే దాకా ఆగే ఓపిక నాకు లేదు. వాన ఆగితేనే నా గొంతు బయటికి పోతుంది. టేపు రికార్డరును తడిమాను. వెలుగులో నాకు దాని మీటలన్నీ తెలుసు. చీకట్లో అన్నీ ఒకటే. నేను గుద్దిన మీట లోపలికి దిగబడి పైకి రానంటోంది. గుండ్రటి మర ఒకటి దొరికితే తిప్పాను. హోరు రెండింతలైంది. కంగారుగా వెనక్కి తిప్పబోతే మర ఊడి చేతికొచ్చింది. దాన్ని పట్టుకుని చిన్నపిల్లవాడిలా ఏడ్చాను. డెబ్బై ఏళ్ల వాడు ఏడిస్తే ఎట్లా ఉంటుందో నాకూ తెలియదు, వానలో వినబడలేదు కాబట్టి.

మిగిలింది తీగ. కరెంటు తీగ లాగితే షాకు కొడుతుందని తెలుసు. మిల్లులో ఒకసారి మాతో పనిచేసే యేసన్న తీగ పట్టుకుని ఎట్లా ఎగిరి పడ్డాడో కళ్లారా చూశాను. అరచేతులు చెమటతో తడి. చొక్కా విప్పి చేతికి చుట్టుకుందామంటే అదీ తడిసి ముద్దయింది. తీగను పట్టుకున్నాను, వదిలాను. పట్టుకున్నాను, వదిలాను. చివరికి కళ్లు మూసుకుని, ఆ చీకట్లో కళ్లు మూయడమెందుకో నాకు తెలియదు, కదిరి నరసింహస్వామిని తలుచుకుని ఒక్క గుంజు గుంజాను. నీలం రంగు మెరుపు మెరిసింది. తీగ తెగింది. ఎలుక బొక్కలో కుక్కిన గుడ్డ మాత్రం కదల్లేదు.

వాన ఆగిపోయింది.

అంత నిశ్శబ్దం నేను ఎప్పుడూ వినలేదు. నా గుండె చప్పుడు చెక్కకు తగిలి తిరిగొస్తోంది. ఆ తర్వాత మెల్లగా బయటి మాటలు వినబడ్డాయి. రామాంజులు సారు గొంతు. బడి పిల్లలకు పాఠం చెప్పినట్టు ఎవరికో చెబుతున్నాడు.

"ఈ చెప్పులు చూడండి. పాత చెప్పులు, ఒగ జత. మనిషి లేడు. అంటే ఏమి? కరువుకు ఊరు ఇడిసి వలస పోయిన రైతు అన్నమాట. పేరు చీటీ పెట్టేది మరిచినట్టుండారు గానీ, ఈడున్న అన్నిట్లోకి ఇదే గొప్పది."

నా చెప్పులు! ఆయన నాకు మూరెడు దూరంలో నిలబడి నా చెప్పులకు అర్థం చెబుతున్నాడు.

"సారూ!" అని అరిచాను. గొంతు బొంగురుగా, బావిలోంచి వచ్చినట్టు వచ్చింది. "సారూ, మూత తీయ్ సారూ! సచ్చిపోతాండా!"

అందరూ పెట్టెకు చెవులు ఆనించినట్టున్నారు.

"ఆహా!" అన్నాడు రామాంజులు సారు. "వాన ఆగి మనిషి మాట మొదలాయ. రికార్డు చేసి పెట్టినారు. ఆ గొంతులో బాధ చూడండి, ఎట్ల పలికించినారో!"

"రికార్డు కాదు సారూ, నేను! మారెప్పను!"

"పేరు గూడ మన ఊరి పేరే పెట్టినారు," అని మెచ్చుకున్నాడాయన.

ఆడవాళ్ల వైపు ఇంకో గొడవ. "మోడం మాట్లాడతాండాదే! మూత తీయమని అడుగుతాండాది!" అని ఎవరో అన్నారు. ఇంకెవరో తీద్దామన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది.

"తీస్తే సంపుతా!" అని నల్లమ్మ గర్జించింది. "తీస్తే పారిపోతాదని మారెప్పన్న చెప్పలా? మొన్న ఉండిన మోడమూ పాయ, నిన్న ఉండిన మోడమూ పాయ. ఇది గూడ పోతే మనకు ఏముండాది?" ధబ్బుమని నా నెత్తి మీద బరువు పడింది. నల్లమ్మ మూత ఎక్కి కూర్చుంది. చెక్క కిర్రుమంది.

"నల్లమ్మా, నేనే తల్లీ! నీ కాళ్లు మొక్కుతా, దిగు తల్లీ!"

"మోడమే మొక్కుతాండాది!" అని ఏడ్చిందామె. "యాడికీ పోవాకు సామీ. మా సేను మీద ఒగసారి కురిసి పో. అంతదాకా ఇడవను."

నేను చెప్పిన మాటే అది. నా నోటితో, నవ్వుతూ చెప్పిన మాట. నా మీద ఎక్కి కూర్చున్నది నల్లమ్మ కాదనిపించింది. గొంతు పూర్తిగా పోయింది. నోరు తెరిస్తే గాలి రావడం లేదు, మాట రావడం లేదు. చెక్కను గోళ్లతో గీకాను. ఒక గోరు లేచిపోయింది, నొప్పి తెలియలేదు. కళ్ల ముందు పచ్చటి చుక్కలు తిరిగాయి. ఒక మూలకు ఒరిగిపోయాను. ఆ మూలలో ఇంకా కొర్రల వాసన ఉంది. ఆ వాసనలోనే పోతానని అనుకున్నాను. పోయాక వాళ్లు నాకు పసుపు కుంకుమ పెట్టి పూజ చేస్తారని కూడా అనుకున్నాను.

అప్పుడు వినబడింది.

"ఏమే నల్లమ్మా, ఆడెక్కి ఏం జేస్తాండావు? మా యాయప్ప యాడికి పాయ? సంగటి తెచ్చినా."

నా భార్య కదిరమ్మ. రోజూ ఆ వేళకు సంగటి, ఊరిబిండి పచ్చడి తెస్తుంది. నేను లేచి అరవాలనుకున్నాను. లేవలేదు.

"ఉష్! గట్టిగా మాట్లాడాకు వదినా," అంది నల్లమ్మ. "మోడం మాటలు నేర్చినాది. బయటికి వస్తానని ఏడుస్తాండాది."

"ఏ మోడం?"

"మీ యాయప్ప పట్టి మూసినాడే, అది!"

సంగటి గిన్నె కింద పెట్టిన చప్పుడైంది.

"దిగు," అంది.

"దిగను వదినా. మూత తీస్తే పోతాదని ఆ యప్పే చెప్పినాడు."

"ఆ యప్ప చెప్పినాడు గాబట్టే దిగమంటాండా. యాభై ఏండ్లు కాపరం జేసినా. ఆ నోట్లో నుంచి ఒగ దినమన్నా నిజం వచ్చినాదా? మోడం లేదు, గీడం లేదు. సంగటి యాళకు యాడికీ పోని మనిషి కనపడల్యా. లోపల గొంతు వినపడతాదంటాండావు. దిగుతావా, కాలు పట్టి ఈడ్చల్లా?"

"కదిరమ్మా, ముట్టగూడదమ్మా," అని రామాంజులు సారు అడ్డం వచ్చినట్టున్నాడు. "వస్తువుల్ని ముట్టరాదని బోర్డు రాసి పెట్టినారు."

"నాకు చదువు రాదు సారూ," అంది కదిరమ్మ.

పైన పెద్ద పెనుగులాట. నల్లమ్మ మడమలు చెక్క మీద టపటపా కొట్టుకున్నాయి. కేకలు. ఏదో బరువు నేల మీద పడింది. తరువాత టక్కుమని చప్పుడైంది. మూత ఎత్తుకుంది.

వెలుగు కత్తిలా పడింది. ఆ వెలుగులో కదిరమ్మ ముఖం. ఆ ముఖంలో అంత భయం నేను ముందెప్పుడూ చూడలేదు. నన్ను చూసి ఒక్క తిట్టూ తిట్టలేదు. అది చూసే నాకు తెలిసింది, ఎంత దూరం పోయి వచ్చానో.

నలుగురూ చేతులు వేసి బయటికి లాగి కూర్చోబెట్టారు. నెత్తి నుంచి పాదాల దాకా తడిసి ముద్దయి ఉన్నాను. చొక్కా కొసల నుంచి నీళ్లు నేల మీద కారుతున్నాయి. నల్లమ్మ కింద పడిన చోటే కూర్చుని నన్ను చూస్తోంది. పాక్కుంటూ వచ్చి నా చొక్కా కొస పట్టుకుని పిండింది. ఆ తడిచెయ్యి కళ్లకద్దుకుంది.

"వానలో తడిసినాడే!" అంది.

"సెమట నల్లమ్మా," అన్నాను. గొంతులోంచి ఈలలాగా వచ్చింది. "లోపల వాన లేదు. మోడం లేదు. టేపు రికార్డరు. నేను ఆడిన అబద్ధం తల్లీ."

ఆమె తల అడ్డంగా ఊపింది. వెనకున్న ఆడవాళ్లు కూడా ఒకరి తర్వాత ఒకరు వచ్చి నా చొక్కా తాకి పోయారు. నేను అది ఒట్టి చెమటేనని ఒక్కొక్కరికీ చెప్పాను. ఒక్కరూ నమ్మలేదు. నిజానికి అందులో ఉన్నది చెమట ఒక్కటే కాదు. ఆ సంగతి పంచె ఉతికిన కదిరమ్మకు తెలుసు.

రామాంజులు సారు నా చెప్పులు రెండు చేతులతో తెచ్చి నా ముందు పెట్టాడు.

కదిరమ్మ గిన్నె మూత తీసి సంగటి నా ముందుకు జరిపింది. ముద్ద తీసుకోబోతే వేళ్లు వినలేదు. ఆమె చూసి, తానే ముద్ద చేసి, అంతమంది ఎదురుగా నా నోటికి అందించింది. నమలడం కూడా మరిచిపోయినట్టు దాన్ని బుగ్గలో పెట్టుకుని కూర్చున్నాను. బయట జీపుల చప్పుడైంది. అతిథులు వచ్చారు. లహరి, ప్రణీత్ పరుగెత్తుకుంటూ లోపలికి వచ్చి, తెరిచి ఉన్న భోషాణాన్ని, నన్ను చూసి నిలబడిపోయారు. "తాతా, ఏమైంది?" అని లహరి అడుగుతోంది. జనమంతా నా నోటి వైపే చూస్తున్నారు. ఎప్పుడూ అట్లాగే చూసేవాళ్లు, నేను మొదలుపెట్టే ముందు.

కదిరమ్మ నా మోకాలి మీద చెయ్యి వేసింది.

"ఏమప్పా, అట్ల చూస్తాండావు?" అంది మెల్లగా, నాకు మాత్రమే వినబడేటట్టు. "చెప్పు. ఏమన్నా ఒగ అబద్ధం చెప్పు. కప్ప పిలిచిందని చెప్పు, ఎద్దులు ఈదినాయని చెప్పు. నమ్ముతా. ఏదో ఒగటి చెప్పప్పా."

వెతికాను. నిజంగా వెతికాను. డెబ్బై ఏళ్లుగా అబద్ధాలు పిలవకుండానే వచ్చేవి. ఆ పూట ఒక్కటీ రాలేదు. వచ్చినవాళ్లందరూ లోపలికి చేరడంతో ఎవరో గాలికి కొట్టుకోకుండా మిల్లు తలుపు దగ్గరగా వేస్తున్నారు. దాని మీదే నా చూపు ఉంది.

"ఆ తలుపు మూయొద్దని చెప్పు," అన్నాను.

కదిరమ్మ లేచి పోయి, తలుపు రెక్కలు రెండూ బార్లా తెరిచి, కదలకుండా ఒక రాయి దొర్లించి పెట్టి, వచ్చి మళ్లీ నా పక్కన కూర్చుంది.